కిట్ విమాన నిర్మాణ వ్యయం

కిట్ విమానం అనగా కర్మాగారంలో తయారైన విడిభాగాలను పెట్టెలలో తెప్పించుకొని, కొన్న వ్యక్తి తన షెడ్డులో స్వయంగా బిగించుకునే చిన్న విమానం. వీటిలో ఒకటి లేక రెండు సీట్లు గలవే ఎక్కువ. తయారీ సంస్థలు ప్రకటించే కిట్ ధర సాధారణంగా రెక్కలు, తోక, విమాన దేహం వంటి నిర్మాణ భాగాలకు మాత్రమే వర్తిస్తుంది. ఇంజను, ప్రొపెల్లరు, పరికరాలు, రంగు, రవాణా, పన్నులు అందులో ఉండవు. అందువలన కిట్ ధర మొత్తం ఖర్చులో సుమారు మూడో వంతు మాత్రమే అవుతుంది. విదేశాల నుంచి భారతదేశానికి తెప్పించుకుంటే, పన్నులతో కలిపి అది నాలుగో వంతుకు తగ్గిపోవచ్చు. ఈ వ్యాసంలో తక్కువ బడ్జెటుతో కిట్ విమానం నిర్మించడానికి అయ్యే ఖర్చులు, హైదరాబాదు మరియు శంషాబాదు ప్రాంత పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని వివరించబడ్డాయి.

నేపథ్యం

స్వయంగా విమానాలు నిర్మించుకునే అభిరుచి అమెరికాలో ఎక్కువగా వ్యాపించింది. 1953లో పాల్ పోబెరెజ్నీ మిల్వాకీ నగరంలో ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్‌ను స్థాపించాడు. ఈ సంఘం ఏటా జరిపే విమానాల సంబరం 1970 నుంచి విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఓష్‌కోష్‌లో జరుగుతున్నది. 1973లో రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ ఒరెగాన్ రాష్ట్రంలో ప్రారంభించిన వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ ఆర్‌వి శ్రేణి లోహపు విమానాల కిట్లకు ప్రసిద్ధి చెందింది.

అమెరికా నియమాల ప్రకారం విమానం నిర్మాణంలో అధిక భాగం, అంటే సగానికి మించిన పని, విద్య కోసం లేక వినోదం కోసం నిర్మించుకునే వ్యక్తులే చేయాలి. దీనిని వాడుకలో 51 శాతం నియమం అంటారు. ఈ వర్గపు విమానాలకు పెద్ద కంపెనీల విమానాలకు జరిగే ఖరీదైన నమూనా ధ్రువీకరణ ఉండదు. కిట్ విమానం చవక కావడానికి ముఖ్య కారణం ఇదే. దీని వలన బాధ్యత కూడా కంపెనీ నుంచి నిర్మించిన వ్యక్తికి మారుతుంది.

భారతదేశంలో

భారతదేశంలో ఈ అభిరుచి చాలా పరిమితంగా ఉంది. బెంగళూరులోని ఎన్.ఎ.ఎల్. సంస్థ 1980లలో అమెరికా రూపకర్త బర్ట్ రుటాన్ తయారుచేసిన లాంగ్ ఈజీ నమూనా ఆధారంగా ఒక చిన్న పరిశోధక విమానాన్ని నిర్మించింది. గాజుపీచు, రెసిన్ మిశ్రమంతో విమానం నిర్మించడంలో ఆ సంస్థకు కలిగిన అనుభవం తరువాతి కాలంలో 1993లో ఎగిరిన హంస శిక్షణ విమానానికి ఉపయోగపడింది. బెంగళూరుకే చెందిన రాజ్ హంస సంస్థ తయారుచేసిన ఎక్స్-ఎయిర్ తేలికపాటి విమానాలు కిట్ల రూపంలో బ్రిటన్ తదితర దేశాలకు ఎగుమతి అయ్యాయి.

సొంతంగా విమానం నిర్మించినవారిలో ముంబైకి చెందిన పైలట్ అమోల్ యాదవ్ ప్రసిద్ధుడు. ఆయన తన కుటుంబం నివసించే భవనం పైకప్పు మీద ఆరు సీట్ల విమానం నిర్మించి 2016 ఫిబ్రవరిలో ముంబైలో జరిగిన మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో ఉంచాడు. అది కిట్ కాదు, సొంత రూపకల్పన. దానికి 2017 నవంబరులో రిజిస్ట్రేషను, 2019 అక్టోబరులో ఎగరడానికి అనుమతి లభించాయి. విమానం ప్రదర్శనకు వచ్చిన తరువాత కూడా అనుమతి చేతికి రావడానికి మూడేళ్ళకు పైగా పట్టిందన్నది గమనించదగిన విషయం.

బ్రిటన్‌లో స్థిరపడిన కేరళ ఇంజనీరు ఒకరు దక్షిణాఫ్రికాకు చెందిన స్లింగ్ సంస్థ నాలుగు సీట్ల కిట్‌ను 2020-21 లాక్‌డౌన్ కాలంలో నిర్మించి, 2022లో కుటుంబంతో కలిసి యూరప్ దేశాలకు అందులో వెళ్ళారు. దానికి సుమారు 1,40,000 పౌండ్లు ఖర్చయినట్లు పత్రికలలో వచ్చింది.

శంషాబాదు, హైదరాబాదు పరిసరాలు

శంషాబాదులోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైంది. అప్పటి నుంచి బేగంపేట విమానాశ్రయంలో సాధారణ ప్రయాణీకుల విమానాలు ఆగిపోయాయి. బేగంపేటలో శిక్షణ విమానాలు, ప్రముఖుల విమానాలు, సైనిక అవసరాలు కొనసాగాయి. రెండేళ్ళకొకసారి జరిగే విమానయాన ప్రదర్శన కూడా అక్కడే జరుగుతున్నది.

శంషాబాదు, ఆదిభట్ల ప్రాంతాలు విమాన పరిశ్రమకు కేంద్రాలయ్యాయి. ఆదిభట్లలోని టాటా కర్మాగారాలలో సికోర్‌స్కీ హెలికాప్టరు క్యాబిన్లు, సి-130 విమానాల తోక భాగాలు, అపాచీ హెలికాప్టరు దేహాలు తయారవుతున్నాయి. శంషాబాదు విమానాశ్రయ ఆవరణలో పెద్ద విమానాల మరమ్మతు కేంద్రం ఉంది. బాలానగర్‌లో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ విభాగం మరియు సూక్ష్మ లోహపు పనులు చేసే అనేక చిన్న వర్క్‌షాపులు ఉన్నాయి. కనుక పనితనం తెలిసిన మనుషులకు ఈ ప్రాంతంలో కొరత లేదు.

కొరత ఉన్నది ఎగిరే చోటికి. శంషాబాదు ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. రెండు సీట్ల కిట్ విమానానికి అందులో పదో వంతు సరిపోతుంది. కానీ జెట్ విమానాల రద్దీ గల ఆ విమానాశ్రయం ఇటువంటి విమానాలకు ఉద్దేశించినది కాదు. శంషాబాదుకు ఈశాన్యంగా ఉన్న నాదర్‌గుల్ ఎయిర్‌ఫీల్డు శిక్షణ విమానాలకు ఉపయోగపడుతూ వచ్చింది. నగరం చుట్టూ బేగంపేట, హకీంపేట, దుండిగల్ స్థావరాలు కూడా ఉండటం వలన ఇక్కడి గగనతలంలో అధిక భాగం నియంత్రణలో ఉంటుంది. అందుచేత విమానాన్ని ఎక్కడ ఉంచాలి, ఎక్కడి నుంచి ఎగరాలి అన్న ప్రశ్నకు కిట్ కొనక ముందే లిఖితపూర్వకమైన సమాధానం ఉండాలి. ఆ అనుమతి లేకపోతే ఎంత బాగా నిర్మించిన విమానమైనా షెడ్డులోనే ఉండిపోతుంది.

ఖర్చులోని భాగాలు

కిట్: చాలా సంస్థలు తోక, రెక్కలు, దేహం, తుది భాగాలు అని విడివిడిగా అమ్ముతాయి. ముందు తోక కొని, ఆ పని నచ్చితే రెక్కలు కొనవచ్చు. దీని వలన ఒకేసారి పెద్ద మొత్తం పెట్టవలసిన అవసరం ఉండదు. సగం పని కర్మాగారంలోనే ముగించి పంపే కిట్లు కూడా ఉన్నాయి. వాటికి ధర ఎక్కువ, కాలం తక్కువ.

ఇంజను: బడ్జెటును ఎక్కువగా తలకిందులు చేసేది ఇదే. రెండు సీట్ల తేలిక విమానాలలో ఆస్ట్రియాలో తయారయ్యే 100 అశ్వశక్తి రోటాక్స్ 912 ఇంజను, అంతకంటే బరువైన వాటిలో అమెరికా లైకమింగ్ ఇంజన్లు ఎక్కువగా వాడతారు. కొత్త ఇంజను ధర కొన్ని కిట్ల ధరతో సమానంగా ఉంటుంది. ఫోక్స్‌వాగన్ కారు ఇంజను ఆధారంగా తయారైన ఏరోవీ వంటివి చవక. అయితే వాటి శక్తి సుమారు 80 అశ్వశక్తి మాత్రమే.

పరికరాలు: వేగం, ఎత్తు, ఇంజను ఉష్ణోగ్రత చూపే సాధారణ పరికరాలతో పగటివేళ ఎగరవచ్చు. తెరల మీద అన్నీ చూపే ఎలక్ట్రానిక్ పరికరాలు, ఆటో పైలట్ చేర్చితే ఈ పద్దు కిందే ఖర్చు రెట్టింపు అవుతుంది.

పనిముట్లు, సామగ్రి: రివెట్లు బిగించే పనిముట్లు, రేకులను తాత్కాలికంగా పట్టి ఉంచే క్లీకోలు, గాలి కంప్రెసరు, టార్క్ రెంచి, తుప్పు నిరోధక రంగు మొదలైనవి. ఒక్కొక్కటి చిన్న ఖర్చే అయినా మొత్తం లక్షలలోకి వెళుతుంది.

ఉదాహరణ లెక్క

రోటాక్స్ ఇంజను గల రెండు సీట్ల లోహపు కిట్‌ను తీసుకొని, డాలరుకు 90 రూపాయల చొప్పున వేసిన ఊహాత్మక లెక్క ఇది. సంస్థను బట్టి, నమూనాను బట్టి అంకెలు మారతాయి. పద్దుల మధ్య నిష్పత్తిని గమనించడం ముఖ్యం.

* కిట్: 30,000 డాలర్లు, 27 లక్షల రూపాయలు
* ఇంజను, దాని అనుబంధ భాగాలు: 28,000 డాలర్లు, 25.2 లక్షలు
* ప్రొపెల్లరు: 3,000 డాలర్లు, 2.7 లక్షలు
* పరికరాలు, రేడియో, వైరింగు: 12,000 డాలర్లు, 10.8 లక్షలు
* ఓడ రవాణా, భీమా: 5,000 డాలర్లు, 4.5 లక్షలు
* స్థానికంగా కొనే పనిముట్లు, రంగు, సీట్లు: 7,000 డాలర్లకు సమానంగా 6.3 లక్షలు

మొత్తం 76.5 లక్షలు. ఇందులో దిగుమతి అయ్యేవి 70.2 లక్షలు. వాటన్నిటి మీద 40 శాతం పన్ను పడితే అదనంగా సుమారు 28 లక్షలు అవుతుంది. అప్పుడు మొత్తం ఒక కోటి 4 లక్షలు దాటుతుంది. 27 లక్షలకు విమానం వస్తుందనుకొని మొదలుపెట్టినవారికి దాదాపు నాలుగు రెట్లు ఖర్చవుతుంది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న సామెత విమానానికి కూడా వర్తిస్తుంది.

పన్నులు, రూపాయి విలువ

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత వినియోగానికి తెచ్చుకునే విమానాల మీద వస్తు సేవల పన్ను 28 శాతం నుంచి 40 శాతానికి పెరిగింది. విమాన విడిభాగాల మీద ఈ పన్ను 2024 జూలై నుంచి 5 శాతంగా ఉంది. పై లెక్కలో ఈ రెండు రేట్లకు మధ్య తేడా 24 లక్షలకు పైనే. అయితే విడదీసి పంపినంత మాత్రాన వస్తువు విడిభాగం అయిపోదు. పూర్తి వస్తువుకు కావలసినవన్నీ విడదీసిన స్థితిలో ఒకేసారి వస్తే దానిని పూర్తి వస్తువుగానే లెక్కించాలన్నది కస్టమ్స్ వర్గీకరణ సూత్రాలలో ఒకటి. కనుక కిట్ ఏ వర్గంలోకి వస్తుందో ముందుగానే అడ్వాన్స్ రూలింగ్ ద్వారా తెలుసుకోవడం మంచిది.

రెండవది రూపాయి విలువ. శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైన 2008 మార్చిలో డాలరు సుమారు 40 రూపాయలు ఉండేది. 2025 డిసెంబరులో అది 90 రూపాయలకు చేరింది. 30,000 డాలర్ల కిట్ అప్పుడు 12 లక్షలైతే, డాలరు ధర మారకపోయినా ఇప్పుడు 27 లక్షలు. నాలుగైదేళ్ళు సాగే నిర్మాణంలో చివర కొనే ఇంజను మీద ఈ ప్రభావం ఎక్కువగా పడుతుంది.

కిట్ ధరలు కూడా నిలకడగా ఉండవు. వాన్స్ సంస్థ 2023 డిసెంబరులో దివాలా రక్షణ కోరినపుడు, ముందే డిపాజిట్లు కట్టినవారిని కూడా పెరిగిన ధరలకు ఒప్పుకోవలసిందిగా కోరింది. కిట్ల ధరలు సగటున 30 శాతానికి పైగా పెరిగాయి. 2024లో ఆ సంస్థ తిరిగి కోలుకున్నది. ఎంత పేరున్న సంస్థ అయినా, తరువాతి దశ భాగాలకు ముందుగా పెద్ద డిపాజిట్టు కట్టడంలో ప్రమాదం ఉన్నదని ఈ సంఘటన తెలిపింది.

కాలం, స్థలం

రెండు సీట్ల లోహపు విమానానికి సుమారు 1,500 నుంచి 2,000 గంటల పని ఉంటుంది. ఉద్యోగం చేసుకుంటూ వారానికి 10 గంటలు కేటాయించగలిగితే మూడు నుంచి నాలుగు సంవత్సరాలు పడుతుంది. ఈ కాలమంతా షెడ్డు అద్దె చెల్లించాలి. నెలకు 15,000 రూపాయలు అనుకుంటే నాలుగేళ్ళకు 7.2 లక్షలు అవుతుంది. ఇది ప్రొపెల్లరు ధరకు రెట్టింపు కంటే ఎక్కువ. చాలామంది తమ లెక్కలో దీనిని చేర్చుకోరు.

పని మధ్యలో ఆపివేస్తే నష్టం ఎక్కువ. సగం నిర్మించిన విమానాన్ని కొనేవారు దానిమీద పెట్టిన శ్రమకు దాదాపు ఏమీ ఇవ్వరు. ఇదే కారణం వలన, పని రికార్డులు, ఫొటోలు, బిల్లులు సరిగా ఉన్న సగం పూర్తయిన కిట్‌ను కొనడం ఒక పొదుపు మార్గంగా పేరు పొందింది. లోహానికి తుప్పు, రివెట్లలో లోపాలు లేవని అనుభవజ్ఞునిచేత చూపించుకున్న తరువాతనే కొనాలి.

వాతావరణ ప్రభావం

హైదరాబాదు దక్కను పీఠభూమి మీద ఉంది. శంషాబాదు విమానాశ్రయం సముద్ర మట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరినపుడు గాలి పలుచబడి, విమానం 1,600 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నట్లే ప్రవర్తిస్తుంది. ఇంజను శక్తి 10 నుంచి 15 శాతం దాకా తగ్గుతుంది, రెక్కలకు, ప్రొపెల్లరుకు పట్టు తగ్గుతుంది, పైకి లేవడానికి ఎక్కువ రన్‌వే కావాలి. సముద్ర తీరంలో ఇద్దరిని మోయగల 80 అశ్వశక్తి ఇంజను ఇక్కడి మే నెల మధ్యాహ్నం ఒక్కరినే మోయగలిగే స్థితికి రావచ్చు. కాబట్టి చిన్న ఇంజనుతో మిగిల్చిన డబ్బు ఈ ప్రాంతంలో నిజమైన పొదుపు కాకపోవచ్చు.

గాజుపీచు, రెసిన్‌తో నిర్మించే విమానాలకు ఎండ మరొక సమస్య. వేడికి రెసిన్ త్వరగా గట్టిపడి పని ముగిసేలోపు పాడవుతుంది. ఉష్ణోగ్రత అదుపులో ఉన్న గది అవసరం కనుక ఆ ఖర్చు కూడా కలపాలి.

ఇంధనం

రోటాక్స్ 912 ఇంజను గంటకు సుమారు 15 నుంచి 20 లీటర్ల ఇంధనం వాడుతుంది. కారు పెట్రోలుతో నడవడం దీని ఆకర్షణలలో ఒకటి. కానీ ఈ ఇంజనుకు 10 శాతం వరకు ఇథనాల్ కలిసిన పెట్రోలుకే తయారీదారు అనుమతి ఉంది. భారతదేశంలో 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు సర్వసాధారణమైంది. అందువలన వీధి చివరి బంకులో పెట్రోలు పోయించుకోవచ్చన్న పాత లెక్క ఇప్పుడు చెల్లదు. విమానాల ఏవ్‌గ్యాస్ 100 ఎల్‌ఎల్ ఒకప్పుడు పూర్తిగా దిగుమతి అయ్యేది. 2022 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ వడోదరలోని తన రిఫైనరీ ఉత్పత్తిని విడుదల చేసింది. ఏవ్‌గ్యాస్‌లో సీసం ఉంటుంది కాబట్టి దానితో నడిపే రోటాక్స్ ఇంజనుకు నూనెను తరచుగా మార్చాలి.

అనుమతులు

విమానానికి పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ వద్ద వి.టి. అక్షరాలతో మొదలయ్యే రిజిస్ట్రేషను, ఎగరడానికి అనుమతి పొందాలి. రేడియోకు వేరే లైసెన్సు అవసరం. నడిపే వ్యక్తికి కనీసం 40 గంటల శిక్షణతో వచ్చే ప్రైవేటు పైలట్ లైసెన్సు ఉండాలి. 1934 నాటి విమానాల చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024 అనే చట్టం 2025 జనవరి 1న అమలులోకి వచ్చింది. నిర్మాణం మొదలుపెట్టక ముందే అధికారులను సంప్రదించడం అవసరం. రివెట్లు బిగించి మూసివేసిన రెక్క లోపలి భాగాన్ని ఆ తరువాత పరీక్షించడం కష్టం.

పొదుపు చేయదగినవి, చేయకూడనివి

అమెరికా రవాణా భద్రతా బోర్డు 2012లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, స్వయంనిర్మిత విమానాలు ఆ దేశపు చిన్న విమానాలలో సుమారు 10 శాతం మాత్రమే. కానీ 2011లో జరిగిన చిన్న విమానాల ప్రమాదాలలో దాదాపు 15 శాతం, ప్రాణాంతక ప్రమాదాలలో 21 శాతం వీటివే. ఇంజను ఆగిపోవడం, విమానం అదుపు తప్పడం ముఖ్య కారణాలు. కొత్త విమానం మొదటి గంటలలో ప్రమాదం ఎక్కువ.

1997 అక్టోబరులో గాయకుడు జాన్ డెన్వర్ తాను కొన్న లాంగ్ ఈజీ విమానం కాలిఫోర్నియా తీరంలో కూలి మరణించాడు. ఆ విమానాన్ని నిర్మించిన వ్యక్తి ఇంధనం ట్యాంకులు మార్చే మీటను నమూనా పటంలో చూపిన చోట కాక పైలట్ భుజం వెనుక అమర్చాడు. దానిని అందుకోవడానికి వెనక్కు తిరగవలసి వచ్చేది. పటం నుంచి చిన్నగా తప్పుకోవడం కూడా ఎంత ప్రమాదమో చెప్పడానికి దీనిని ఉదాహరిస్తారు.

రంగు, సీట్లు, ఎలక్ట్రానిక్ తెరలు, రాత్రివేళ ఎగిరే సామగ్రి తగ్గించుకోవచ్చు. తరువాత ఎప్పుడైనా చేర్చుకోవచ్చు. పనిముట్లు సెకండ్‌హ్యాండ్‌లో కొనవచ్చు. ఇద్దరు ముగ్గురు కలిసి నిర్మించి ఖర్చు పంచుకోవచ్చు. ఇంధన గొట్టాలు, బోల్టులు, నియంత్రణ తీగలు, ఇంజను భాగాల విషయంలో మాత్రం పొదుపు తగదు. సికింద్రాబాదు రాణీగంజ్ దుకాణాలలో చూడటానికి అదే కొలతలో బోల్టు చాలా తక్కువ ధరకు దొరుకుతుంది. కానీ విమాన బోల్టుకు ఎక్కువ ధర పెట్టేది దాని ఉక్కు ఏదో, ఎంత బలాన్ని తట్టుకోగలదో నిరూపించే పత్రం కోసం. మొదటి పరీక్షా ప్రయాణానికి అదే రకం విమానం నడిపిన అనుభవం గల పైలట్‌ను పిలిపించే ఖర్చు కూడా తప్పనిసరిగా చేర్చుకోవలసినదే.

నిర్మాణం తరువాతి ఖర్చులు

హ్యాంగరు అద్దె, భీమా, వార్షిక తనిఖీ విమానం ఎగిరినా ఎగరకపోయినా ఉంటాయి. రోటాక్స్ 912 ఇంజనును 2,000 గంటలకు పూర్తిగా విప్పి బాగుచేయాలి లేక మార్చాలి. పై ఉదాహరణలోని 25.2 లక్షలను 2,000 గంటలకు పంచితే గంటకు 1,260 రూపాయలు పక్కన పెట్టాలి. ఇంధనం దీనికి అదనం.

ప్రత్యామ్నాయాలు

ఎగరడమే ముఖ్య ఉద్దేశమైతే శిక్షణ సంస్థలలో గంటల లెక్కన విమానం అద్దెకు తీసుకోవడం చవక. విద్యార్థులు జాతీయ కేడెట్ దళం వైమానిక విభాగంలో చేరి తేలిక విమానాలలో ఎగిరే అవకాశం పొందవచ్చు. ఆ దళం వాడిన జెనేర్ సి.హెచ్. 701 మొదట కిట్ విమానంగా రూపొందినదే. అమెరికాలో నివసించే తెలుగువారికి స్థానిక శాఖల షెడ్లు, నిర్మాణాన్ని ఉచితంగా పరిశీలించి సలహాలిచ్చే స్వచ్ఛంద సాంకేతిక సలహాదారులు అందుబాటులో ఉంటారు. ఎగరడం కంటే నిర్మించడంలోనే ఆనందం పొందేవారికి, ఎగిరే చోటు ముందుగా ఖాయం చేసుకోగలిగినవారికి, ప్రకటించిన ధరకు నాలుగు రెట్లు నిలకడగా ఖర్చు చేయగలవారికి మాత్రమే కిట్ విమానం తగినది.